ఎమ్మిగనూరు షెడ్డులో ఇటలీ పెద్దాయన

ఎమ్మిగనూరులో మా అన్న నడిపిన కార్ల షెడ్డును ఈ వారం పడగొడతారని తెలిసి బయలుదేరాను. అన్న పోయి చాలా ఏళ్లయింది. పత్రికలోంచి కత్తిరించి, అట్టకు అతికించి, అద్దం కట్టించి ఆయన గోడకు తగిలించిన బొమ్మ ఒకటి అక్కడ ఉంది. ఆయన చేతి గుర్తుగా ఇంకేమీ మిగల్లేదు. దాన్ని ఇంటికి తెచ్చుకోవాలి.

ఉదయం ఆదోని బస్టాండు దగ్గర బొరుగుల ఉగ్గాని, బజ్జి తిన్నాను, నలభై రూపాయలు. నిమ్మరసం చాలలేదని చెబితే, "రేపు రాండవ్వా, మీ కోసరం ఇంకో కాయ పిండుతా" అని వంటామె నవ్వింది. పల్లెవెలుగు బస్సులో ఆధార్ కార్డు చూపితే ఆడవాళ్లకు టికెట్ డబ్బులుండవు. సుమారు గంట ప్రయాణం. రోడ్డుకు రెండువైపులా పత్తిచేలు చూస్తూ ఆ బొమ్మనే తలుచుకున్నాను.

అందులో ఉన్నది ఒక ఇటలీ యువకుడు. కార్లు కొత్తగా పుట్టిన కాలంలో వాటిని తయారుచేసిన అన్నదమ్ముల ఇంటివాడు. ఆ ఇంటి కార్లనే పందేల్లో నడిపాడు. తోలు టోపీ, పెద్ద కళ్లద్దాలు, మొహం నిండా దుమ్ము. "సూడు పాపా, ఇంట్లో చేసిన బండిని ముందు ఇంటోడే ఎక్కినాడు" అనేవాడు అన్న. అందుకే బ్రేకులు బాగుచేసిన ప్రతి కారులో ముందు నన్నూ వదిననూ ఒక చుట్టు తిప్పి, ఆ తర్వాతే సొంతదారుకు తాళం ఇచ్చేవాడు. నేను వదిన చేయి గట్టిగా పట్టుకునేదాన్ని.

బస్టాండు నుంచి ఆటోకు ముప్పై. షెడ్డులో ఇప్పుడు ఈరన్న అనే ఆయన ఆటోలు బాగుచేస్తున్నాడు. అన్నను ఎప్పుడూ చూసినవాడు కాదు. గోడమీద ఇటలీ ఆయనకు నుదుట కుంకుమ, మెడలో బంతిపూల దండ! ఇదేమిటని అడిగాను.

"మా షెడ్డు కట్టిచ్చిన పెద్దాయనవ్వా. ఆయుధపూజకు మొదటి టెంకాయ ఈయనకే."

"కట్టించింది మా అన్న. ఈయన ఇటలీలో కార్ల పందేలు ఆడినాయన."

ఈరన్న భార్య సుంకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేనప్పుడే సెప్తి గదా! ఎమ్మిగనూరు తాతలు యాడన్నా అట్లాటి కండ్లద్దాలు పెడతారా అని."

ఈరన్న నవ్వలేదు. బొమ్మను దించి, గుడ్డతో తుడిచి నా చేతికిచ్చాడు. "మీదే గదా, తీసుకపోండి. కొత్త షెడ్డులోకి ముందు ఈయన్నే తీసుకపోదామనుకుంటి."

ఇంతలో బ్రేకులు వేయించుకున్న ఆటో ఆయన తాళం కోసం చేయి చాపాడు. "ఆగప్పా, ముందు మా ఇంటోళ్లు. సుంకీ, ఎక్కు" అన్నాడు ఈరన్న.

ఈ పద్ధతి ఎవరు నేర్పారని అడిగాను.

"నాకు ముందున్న మేస్త్రీ. పెద్దాయన పెట్టిన పద్ధతంట. మన పని మీద మనకు నమ్మకముంటే మనోళ్లను కూకోబెట్టల్ల గదా అవ్వా."

నేను బొమ్మను తిరిగి అతనికే ఇచ్చేశాను. "కుంకుమ అద్దం మీదే పెట్టు, కాగితానికి అంటనీయకు" అని గట్టిగా చెప్పి, సుంకమ్మ పక్కన ఎక్కి కూర్చున్నాను. మలుపులో ఈరన్న బ్రేకు నొక్కాడు. ఆటో నిలిచింది. చూసుకుంటే నా చేతిలో సుంకమ్మ చేయి ఉంది.

తెచ్చుకుందామని వెళ్లిన వస్తువు లేకుండానే ఆదోని బస్సెక్కాను. అన్నను వదిలి వచ్చినట్టు మాత్రం అనిపించలేదు. ఇటువైపు వచ్చేవారికి ఒక్క మాట: దారిలో బండి చెడి ఈరన్న దగ్గర బాగుచేయించుకుంటే, తాళం కోసం తొందరపడకండి. వాళ్ల ఇంటివాళ్లను ముందు ఒక చుట్టు తిరిగి రానివ్వండి.