పొద్దున్నే తిరగని మిషను

నాకు సంతకం వరకే వచ్చండి. నోటితో చెబుతాను, రాసుకోండి. మధ్యలో తిట్లు వస్తే అవి కూడా రాసుకోండి. ఆ మిషను సంగతి తిట్టకుండా చెప్పడం నా వల్ల కాదు.

మా ఆయన నరసాపురం రేవు దగ్గర బడ్డీలో తోలు పని చేసేవాడు. చెప్పులు కుట్టేవాడు, ఎడ్లకి మువ్వల పట్టెడలు కుట్టేవాడు. పట్టెడంటే ఎద్దు మెడకి కట్టే వెడల్పాటి తోలు పట్టీ, దాని నిండా మువ్వలుంటాయి. తోలు నానబెట్టడం, కొయ్యడం, దారానికి మైనం పట్టించడం నా పని. ఆరెతో, అంటే పిడి ఉన్న పొడుగు సూదితో, పొడిచి కుట్టడం ఆయన పని. రెండు పొరల తోల్లోకి ఆరె దిగాలంటే భుజబలం ఉండాలి. ఆయన పోయాక నేనూ కూర్చున్నాను. సగం పట్టెడ అయ్యేసరికి అరచెయ్యి బొబ్బలెక్కిపోయింది. మర్నాడు అన్నం కలుపుకోలేకపోయాను.

మా బడ్డీ పక్కనే మా మరిది సోడాలు అమ్మేవాడు. అన్న పోయిన దగ్గర్నుంచీ వాడి కన్ను బడ్డీ మీదే.

"తోలు పని ఆడోళ్ళది కాదు వదినా. బడ్డీ నాకిచ్చెయ్, కూల్ డ్రింకులు పెడతాను. నీకింత ముద్ద పెట్టలేనా?" అనేవాడు.

ఆ ముద్ద ఎలాగుంటుందో నాకు తెలవదా? పెట్టిన రోజు పెట్టాననే చెబుతాడు, పెట్టని రోజూ పెట్టాననే చెబుతాడు. బడ్డీ పోతే నేను మళ్ళీ ఊడుపులకి పోవాలి. నా నడుం అప్పటికే వంగితే లేచేది కాదు. ఊళ్ళో ఆడోళ్ళు లేసు అల్లుకోమన్నారు. తోలు పట్టిన వేళ్ళండి ఇవి, ఆ సన్న దారం వీటికి ఆగుతుందా?

రాజమండ్రిలో పాత ఇనుము కొట్లో తోలు కుట్టే పాత మిషన్లున్నాయని ఎవరో చెబితే, చెవులకున్నవి తీసి అమ్ముకుని వెళ్ళాను. అందులో ఒకటి నల్లగా, పొడుగు చెయ్యి చాపుకుని, దూడంత ఉంది. దాని మీద బంగారు రంగు రాతలు సగం చెరిగిపోయాయి.

"ఇది బాగా పాతదేమోనండి?" అన్నాను.

"పాతదేనమ్మా, చెప్పుల ఫ్యాక్టరీలోది. దీని ముందు నేను పసిపిల్లాణ్ణి," అన్నాడు కొట్టాయన.

"మరి ఫ్యాక్టరీవాళ్ళు ఎందుకు అమ్మేశారు?"

"ఫ్యాక్టరీ పోయింది. ఇది పోలేదు."

గుడ్డముక్క పెట్టి కుట్టి చూపించబోయాడు. నేను సంచిలోంచి రెండు పొరల తోలు తీసి, దీని మీద కుట్టమన్నాను. నా మొహం వంక ఒకసారి చూసి చక్రం తిప్పాడు. అరటి బోదెలో కత్తి దిగినట్టు దిగింది సూది. ఇంకేం అడుగుతాను? చిన్న సీసాతో మిషను నూనె కూడా ఇచ్చి పంపాడు.

దాని కాళ్ళు లారీలో వేశారు. తల మాత్రం గోనెసంచిలో కట్టుకుని నేనే రైలెక్కించుకున్నాను. నిడదవోల్లో బండి మారాలి. దింపడానికి వచ్చిన కూలీ ఎత్తబోయి కింద పెట్టేశాడు. "ఏంటమ్మా, పుట్టింటి నుంచి రుబ్బురోలు తెచ్చుకుంటున్నావా?" అన్నాడు. నవ్వే ఓపిక నాకు లేదు. చెరో పక్కా పట్టుకుని మోశాం.

ఇంటికొచ్చాక మొదలైందండి నా ఖర్మ. దారం తెగేది. మైనం ఎక్కువైతే సూది కన్ను మూసుకుపోయేది, తక్కువైతే కుట్టు జారేది. తోలు మందంగా ఉన్నచోట ఆపకుండా తొక్కితే సూది పుటుక్కున విరిగేది. ఆ సూదులు నరసాపురంలో దొరకవు. బట్టల మిషన్లు బాగుచేసే ఆయన్ని పిలిస్తే, చుట్టూ తిరిగి చూసి, "ఇది మిషను కాదండి, రైలింజను," అని టీ తాగి వెళ్ళిపోయాడు. మా మరిది సోడా గోళీ నొక్కుతూ నవ్వాడు. ఎవరూ నేర్పలేదు. తిట్టుకుంటూ నేర్చుకున్నాను. వానాకాలం వచ్చేసరికి చెప్పులు కుట్టేస్తున్నాను.

అప్పటికి ఆ చిన్న సీసా అయిపోయింది. మా ఇంట్లో నూనంటే కొబ్బరినూనే. మా ఆయన తోలుకి అదే రాసేవాడు, ఆరె మొన అందులోనే ముంచేవాడు. నేనూ మిషను బొక్కలన్నిట్లో అదే పోశాను. ఎంత నున్నగా తిరిగిందనుకున్నారు! బడ్డీ అంతా మంచి వాసన.

ఆ తరవాత అవతలి ఒడ్డు నుంచి ఓ రైతు గోదారి దాటించే పంటు దిగి వచ్చాడు. పందేనికి తోలే ఎడ్ల జత ఉందట, మువ్వల పట్టెడలు కావాలన్నాడు. అప్పటికే ట్రాక్టర్లొచ్చేసి పట్టెడలు అడిగేవాళ్ళే తగ్గిపోయారు. ఒప్పేసుకున్నాను. మరిది టీకొట్టు దగ్గర పదిమందీ వింటుండగా, "ధనుర్మాసం వెళ్ళేలోగా నువ్వా పట్టెడలు ఇవ్వలేవు వదినా. ఇవ్వకపోతే బడ్డీ నాకిచ్చేస్తావా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండి, "ఇచ్చేస్తాను పోరా!" అనేశాను. పదిమందీ విన్నారు.

గుడి మైకులో తెల్లవారుజామున పాటలు మొదలయ్యాయి. చలి మొదలైంది. మిషను ఆగిపోయింది.

పొద్దున్నే బడ్డీ తీసి తొక్కితే చక్రం కదలదు. రెండు చేతులతో తిప్పినా కదలదు. మధ్యాహ్నం ఎండ పడ్డాక మూలుగుతూ తిరిగేది. తిరిగినా కుట్లు వదిలేసేది. సాయంత్రమయ్యేసరికి మళ్ళీ బిగుసుకునేది. బలవంతంగా తొక్కితే చక్రాన్ని తిప్పే తోలు పట్టా తెగింది. అది కట్టుకునేసరికి ముసురు పట్టి ఎండే లేదు. ఒక పట్టెడ సగంలో మిషను నోట్లోనే ఉండిపోయింది. మా తోటికోడలు నిమ్మకాయలు తెచ్చి కట్టింది. టీకొట్టు ఆయన, "ఫ్యాక్టరీలో ఎవరి చెయ్యో తినేసి ఉంటుందమ్మా," అన్నాడు. మరిదైతే టేపు తెచ్చి బడ్డీ వెడల్పు కొలుచుకున్నాడు. నా ఎదురుగానేనండి!

ఆ మర్నాడు తలకి రాసుకుందామని కొబ్బరినూనె సీసా వంచాను. రాలేదు. తెల్లగా పేరుకుపోయింది. చలికాలం అది మామూలే కదండీ, పుల్ల పెట్టి కెలుకుతున్నాను. కెలుకుతూ ఆగిపోయాను.

తల విరబోసుకునే బడ్డీకి పరుగెత్తాను. పిన్నీసు తీసి మిషను బొక్కలో పెట్టి లాగితే వెన్నపూసలాగా వచ్చింది. మసి కలిసిన వెన్నపూస. కడుపు నిండా అదే. పుట్టిన దగ్గర్నుంచీ చలికాలం వస్తే ఆ సీసా ఎండలో పెడుతున్నాను. నా నెత్తికి తెలిసింది నా మిషనుకి ఎందుకు తోచలేదో! ఎవర్ని తిట్టాలో తెలియక ఇనుము కొట్టాయన్నే తిట్టాను.

కడగాలంటే కిరసనాయిలు కావాలి. నా డబ్బాలో అడుగునే ఉంది. తోటికోడలు చీరకొంగు కింద సీసా పెట్టుకుని వచ్చింది.

"అక్కా, మీ మరిదికి చెప్పకు."

"నీకెందుకే? బడ్డీ వస్తే మీకే కదా మంచిది?"

"ఆయ్, మాకా? వస్తే అందులో పొద్దస్తమానం నన్నే కూర్చోబెడతాడు. నీ మిషను తిరగనియ్, తల్లీ!"

ఇద్దరం కలిసి పాతగుడ్డతో తుడిచాం. నల్లటి మడ్డి కారింది. ఆ బట్టల మిషన్లాయన దగ్గర కాస్త అసలు నూనె అడిగి తెచ్చి పోశాను. మర్నాడు పొద్దున్నే, మంచు విడవకముందే తొక్కాను. తిరిగింది.

గడువులోపు రైతు వచ్చాడు. పట్టెడ తిప్పి చూసి మొహం చిట్లించాడు. "మీ ఆయన కుట్టు ఇలాగుండేది కాదే."

"ఆయన కుట్టు కాదండి, నాది. లాగి చూడండి."

పంతానికి రెండు చేతులతోనూ లాగాడు. మువ్వలు ఘల్లుమన్నాయి గానీ కుట్టు కదలలేదు. బాగుందని ఒక్క మాట అనలేదండి. రెండూ భుజాన వేసుకుని పంటెక్కేశాడు. మరిది టేపు మళ్ళీ కనపడలేదు.

పోనీ ఆ సంతోషమైనా నిలిచిందా? మర్నాడే చెప్పు మడమ దగ్గర సూది విరిగింది. అదే ఆఖరిది. మళ్ళీ రాజమండ్రి రైలెక్కి, సూదులూ, పెద్ద సీసాతో మిషను నూనే తెచ్చుకున్నాను. వచ్చేసరికి మరిది బడ్డీ ముందు నిలబడి ఉన్నాడు, మొహం కాస్త మెత్తబడింది.

"నువ్వు లేవు కదాని నేనే మిషనుకి నూనె వేశాను వదినా. బొక్కలన్నీ నింపేశాను. నాకా మాత్రం తెలవదా?"

లోపలికి అడుగు పెట్టాను. బడ్డీ అంతా మంచి వాసన.

సంచి కింద పెట్టి, కిరసనాయిలు కోసం తోటికోడల్ని కేకేశాను.