మేడికొమ్మకు కట్టిన మాయ

నాట్ల నుంచి కోతల దాకా నేను వదిన కొట్టం చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. కొడవలి కావాలని ఒకసారి, అన్న చేలోంచి వచ్చాడా అని ఇంకోసారి. నిజానికి నేను చూడబోయేది ఆమె బర్రెపడ్డను. అది తొలిచూలుతో ఉంది. మేత తింటోందా, తోక కింద ఏమైనా తడి ఉందా అని ఓరగా చూసి వచ్చేసేవాడిని. ఇంటికొచ్చాక, సరిగ్గా చూశానా అని మళ్లీ అనుమానం.

“ఏంది అబ్బయ్యా, నా పడ్డకు నువ్వేమన్నా పుట్టింటోడివా? పురిటికి తీసకపోతావా ఏంది?” అనేది వదిన. కొడవలి పుచ్చుకుని ఇంటిదారి పట్టేవాడిని.

విడవలూరు దగ్గర మా ఊళ్లో అన్న ఇల్లూ నా ఇల్లూ పక్కపక్కనే. మధ్యలో ఒక మేడిచెట్టు. నాట్ల రోజుల్లో నా బర్రె నెలలు నిండకముందే ఈసుకుపోయింది. చచ్చిన దూడను వేసింది, మాయ మాత్రం పడలేదు. పశువుల డాక్టరు వచ్చి, చేతికి తొడుగు వేసుకుని మాయ తీశాడు. పరీక్షకని రక్తం పట్టుకున్నాడు.

“ఇది అంటురోగం లాగుంది. దూడనూ మాయనూ లోతుగా గుంట తీసి, సున్నమేసి పూడ్చండి. ఉత్త చేతుల్తో ముట్టుకోబాకండి. ఇంకో చూడి పశువు నాకిందంటే దానికీ ఇదే గతి” అన్నాడు.

దూడను పూడ్చాను. మాయ దగ్గరే చెయ్యి ఆగింది. మా వైపు మాయను గడ్డిలో చుట్టి, పాలు కారే చెట్టుకు కడతారు. అలా కడితే పశువు పాలు దండిగా ఇస్తుందంటారు. “దూడ ఎట్టాగూ పోయింది, పాలన్నా నిలవద్దా?” అంది నా భార్య. నాకూ అదే ఆశ. మేడికొమ్మకు కట్టాను.

తెల్లారేసరికి కొమ్మ ఖాళీ. కుక్కలు గడ్డిచుట్టను లాగి చింపేశాయి. ముక్కలు వదిన గడ్డివామి దగ్గర పడి ఉన్నాయి. అక్కడే కట్టేసిన పడ్డ మూతి చాచి వాటిని నాకుతోంది. పారతో ఎత్తి పూడ్చేసి, గమ్మున వచ్చేశాను.

పరీక్షలో డాక్టరు అనుమానించిన రోగమే తేలింది. మేకలకూ పందులకూ కూడా ఇలాంటిదే ఉందని, ఒకసారి అంటుకుంటే మందు లేదని, నా బర్రెకు పెయ్యిగా ఉన్నప్పుడే టీకా వేయించి ఉండాల్సిందని చెప్పాడు. అప్పట్లో టీకాలు వేసేవాళ్లు ఊళ్లోకి వచ్చిన రోజు నేను దాన్ని మేతకు తోలేశాను, సూది వేస్తే చిక్కిపోతుందని.

ఇంట్లో మాత్రం వేరే మాట నడిచింది. బర్రె ఈసుకుపోవడానికి ముందు వదిన దాన్ని చూసి “పొదుగు బాగా దిగిందే” అన్నదట. ఆమె కన్నే తగిలిందని నా భార్య వీధంతా చెప్పింది. నేను కాదనలేదు. పశువులు ఎండదెబ్బకూ ఈసుకుపోతాయి, బూజుపట్టిన గడ్డి తిన్నా పోతాయి, కాలవగట్టున జారిపడినా పోతాయి. వదిన పడ్డకు ఏమైనా అయితే అది వీటిలో ఏదో ఒకటి అయితే బాగుండునని లోలోపల వెతుక్కునేవాడిని.

కోతల ముందు ఒక ఉదయం వదిన నీళ్లకు పోతూ, నా బర్రె దగ్గరకు వచ్చేసరికి మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“అదేంది వదినా?”

“ఎందుకొచ్చింది అబ్బయ్యా. నా కన్ను మంచిది కాదేమోలే. నా పడ్డనే నేను సరిగ్గా చూడ్డంల్యా.”

అప్పుడు చెప్పేశాను. డాక్టరు మాట, మేడికొమ్మ, వామి దగ్గర పడ్డ నాకడం, అన్నీ. గుమ్మంలో నిలబడి విన్న నా భార్య తల వంచుకుని లోపలికి పోయింది.

వదిన బిందె కింద పెట్టింది. “కొడవలి కొడవలి అని తిరిగింది దీనికా? నా కంటి మీదికి తోసి గమ్మునుంటివే! రోగమని ముందే చెప్పుంటే, నా పడ్డను నేను కళ్లారా చూసుకునుందును కదరా.”

డాక్టరు వచ్చి పడ్డ రక్తం తీసుకుపోయాడు. ఫలితం రాకముందే, కోతమిషన్ మా చేలో దిగిన రోజున, అది ఈసుకుపోయింది. వదిన పార తెచ్చి నా ముందు పడేసి, వామికి దూరంగా చోటు చూపించింది. నేను తవ్వుతుంటే ఆమె చేతులకు తొడుగులు వేసుకుని, పక్కన సున్నం బస్తా పెట్టుకుని నిలబడింది. నడుము లోతు దిగాక తలెత్తాను.

“చాలా వదినా?”

ఆమె గుంటలోకి తేరిపార చూసింది.

“ఇంకా తవ్వు” అంది.