స్టూలు గుర్తుకు పడని ఓటు

ఈ రోజు మా ఊళ్లో పంచాయతీ ఎన్నికలు. నెత్తి మీద విమానాలు దిగుతున్నా, శంషాబాద్ పక్కనే ఉన్న మా వార్డులో ఓట్లు ఇప్పటికీ ఇళ్ల లెక్కనే పడతాయి. ఇంటి పెద్ద ఎటంటే ఇల్లంతా అటే. మనసులో ఏముందో ఎవరూ అడగరు.

మా పక్కింటి మల్లేశ్ వార్డు మెంబరుగా నిలబడ్డాడు. గుర్తు స్టూలు. ప్రచారమంతా ఒక ఇనుప స్టూలును భుజాన వేసుకుని గడపగడపకూ తిరిగాడు. సాయంత్రం బడిలో జరిగిన లెక్కింపులో ఒక్క ఓటుతో ఓడిపోయాడు.

బడి దగ్గర్నుంచి నేరుగా ఇంటికొచ్చి, "ఇంటి దొంగవు నువ్వే!" అంటూ అదే స్టూలుతో అన్న యాదయ్య తల పగలగొట్టాడు. ఆయన పడిపోయినా ఆపలేదు. నేను వెనక నుంచి పట్టుకుంటే విదిలించుకుని మళ్లీ కొట్టాడు. వాకిలంతా రక్తం. వాళ్లమ్మ అంతమ్మ అడ్డం పడింది.

"వాన్నెందుకు కొడుతున్నవ్? నీకు ఓటెయ్యంది నేను."

"నువ్వా? కన్నతల్లివై ఎందుకెయ్యలేదే?"

"రోజూ తాగొచ్చి పెండ్లాన్ని కొడుతున్నవ్. మెంబరువైతే ఠాణాల గూడ నీ మాటే నడుస్తది. ఇగ కోడలు ఎవరికి జెప్పుకుంటది?"

మల్లేశ్ స్టూలు తల్లి మీదికి ఎత్తాడు. వెనక నుంచి అతని భార్య స్టూలు కాలు పట్టుకుంది. అతను ఎంత విదిలించినా ఆమె వదల్లేదు.

యాదయ్యను దవాఖానలో చేర్పించి ఇప్పుడే వచ్చాను. చొక్కా కూడా మార్చలేదు. మీ ఇంట్లో ఎవరి ఓటు ఎటు పడిందో మీకు తెలుసా? అడిగే ముందు మాత్రం చేతిలోది కింద పెట్టండి.