జుహూ సముద్రంలో ఎడపల్లి ఈతగాడు

మా నిజామాబాద్ వైపు నుంచి ఎండాకాలంలో బొంబాయి వెళ్లేవాళ్లు ఏటేటా పెరుగుతున్నారు. వెళ్లినవాళ్లెవరూ జుహూ చూడకుండా తిరిగి రారు. నేను ఒకసారి వెళ్లొచ్చానని కొందరు నన్ను దారి అడుగుతుంటారు. దారి వరకు చెబుతాను. మిగతాది చెప్పడానికి నోరు రాదు, అందుకే రాస్తున్నాను.

ఈ ప్రయాణం మా బావ గంగారాం కోరిక. ఎడపల్లిలో చెరుకు రైతు, మా అక్క రాజవ్వ భర్త. చుట్టుపక్కల ఊళ్లలో ఆయనంత ఈతగాడు లేడు. బావిలో బిందె పడ్డా, కాలువలో మనిషి కొట్టుకుపోయినా ఆయనకే కబురు వచ్చేది. నిజాంసాగర్ కాలువ తూము దగ్గర సుడి తిరిగే నీళ్లలోంచి ఇద్దరిని బతికించి తెచ్చాడు. నాకూ ఆయనే వీపుకు ఎండు సొరకాయ కట్టి ఈత నేర్పాడు. మా దగ్గర మొదట నేర్పే మాట ఒకటే: నురగ ఉన్నచోట దిగొద్దు, నీళ్లు నిమ్మళంగా ఉన్నచోట దిగు.

ఆ ఏడు చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు తోలడం అయిపోయింది, నా బడికి సెలవులిచ్చారు. నేను పంతులునని బావ నన్ను ఎగతాళిగా సారు అనేవాడు. "సారూ, గిన్ని నీళ్లల్ల ఈతగొట్టిన గని సముద్రం సూడకపోతి. ఒక్కపారి తోల్కపోరాదు?" అన్నాడు. సరేనన్నాను. బయలుదేరేటప్పుడు అక్క పసుపు, కుంకుమ, రెండు గాజులు, రవికగుడ్డ కలిపి చిన్న మూట కట్టి నా చేతికిచ్చింది.

"సముద్రంల గంగమ్మకు ఇడువున్రి తమ్మీ. ఒడ్డుకు మర్లి రానియ్యకున్రి. మర్లి వస్తె అమ్మ ఒల్లనన్నట్టే" అంది.

ఎడపల్లి నుంచి నిజామాబాద్‌కు బస్సులో గంట లోపే. స్టేషన్‌కు టాంగా మాట్లాడుకుంటే రూపాయి అడిగాడు. సాయంత్రం మన్మాడ్ వైపు వెళ్లే చిన్న పట్టాల బండి ఎక్కితే తెల్లారేసరికి మన్మాడ్‌లో దిగుతారు, అక్కడ పెద్ద పట్టాల బండికి మారాలి. సామాను తక్కువ పెట్టుకోండి, మారేటప్పుడు తొక్కిసలాట ఉంటుంది. మేము జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం, రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు కట్టుకుపోయాం గనుక దారిలో చాయ్ తప్ప ఏమీ కొనలేదు. బాసర దగ్గర బండి గోదావరి వంతెన ఎక్కగానే డబ్బాలో అందరూ కిటికీల్లోంచి పైసలు విసిరారు. బావ కూడా విసిరి దండం పెట్టుకున్నాడు.

"గీ గంగ పొయ్యి గా బొంబాయి సముద్రంలనే కలుస్తదా సారూ?"

"లేదు బావా. ఇది తూర్పుకు పోతది, బొంబాయి పడమర దిక్కుంటది."

"ఏ దిక్కైతేంది, నీళ్లు నీళ్లే గద" అని నవ్వాడు.

మధ్యాహ్నం దాటాక బొంబాయి దాదర్‌లో దిగి ఒక ధర్మశాలలో పడుకున్నాం. మర్నాడు పొద్దున్నే లోకల్ బండిలో శాంతాక్రూజ్, అక్కడి నుంచి బస్సులో జుహూ. ఎనిమిది గంటలకల్లా ఇసుక మీద ఉన్నాం. అవతలి ఒడ్డు కనబడని నీళ్లను బావ అంతవరకు చూడలేదు. తర్వాత ధోతి ఎగగట్టి, మోకాళ్ల లోతుకు వెళ్లి, మూట వదిలాడు. అల దాన్ని తెచ్చి ఆయన కాళ్ల దగ్గరే పడేసింది. ఇంకా లోపలికి విసిరాడు. మళ్లీ వచ్చింది.

"అమ్మ ఒల్లనంటున్నది గదనే" అన్నాడు. ముఖం చిన్నబోయింది. ఇంటికి వెళ్లి అక్కకు ఏం చెప్పాలన్నదే ఆయన దిగులు.

నేను అటూ ఇటూ చూశాను. కొంచెం దూరంలో రెండు వైపులా అలలు విరిగి తెల్లగా నురగ లేస్తోంది. మధ్యలో మాత్రం బాట వేసినట్టు నురగ లేని నీళ్లు, కాస్త బురదరంగుగా, కదలనట్టే ఉన్నాయి. "బావా, గటు సూడు. గాడ నీళ్లు నిమ్మళంగున్నయి" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

అక్కడ మూట వదలగానే అది నిదానంగా లోపలికి పోవడం మొదలుపెట్టింది. చూస్తుండగానే అలలు దాటి వెళ్లిపోయింది. బావ నా భుజం చరిచాడు. నాకూ పట్టరాని సంతోషం కలిగింది. కొబ్బరిబొండాలు అమ్మే ముసలామె ఒకతి మమ్మల్ని చూసి మరాఠీలో కేకేసింది. మా పక్కనే ఉన్న బోధన్ అంగట్లో విని విని మాకా భాష కొంత తెలుసు. అక్కడ లోతు, వద్దు అంటోంది.

"లోతుకు భయపడెటోన్నా నేను?" అని బావ నవ్వుతూ దిగాడు. మొక్కు తీరాక మూడు మునకలు వేయాలి. మొదటి మునక వేసి లేచినప్పుడు నడుము లోతులో ఉన్నాడు. రెండోది వేసి లేచేసరికి కాళ్లు అందడం లేదని తెలిసింది. మూడోది వేయలేదు, నా వైపు తిరిగి ఈత మొదలుపెట్టాడు.

మా కాలువ మీద ఎవరైనా నీళ్లలో చిక్కితే ఒడ్డున ఉన్నవాడు పేరు పెట్టి పిలుస్తూనే ఉంటాడు, ఈదేవాడికి ధైర్యం కోసం. నేనూ పిలిచాను. "ఇటు రా బావా! సక్కగ నా దిక్కు రా!" అని గొంతు పోయేదాకా అరిచాను. ఆయన నన్నే చూస్తూ నేరుగా నా వైపే ఈదాడు. అంత బలమైన చేతులు బారలు బారలుగా నీళ్లు తోస్తున్నా దూరం తగ్గలేదు, పెరిగింది. నేను ఛాతీ లోతుకు దిగితే కాళ్ల కింద ఇసుక జారిపోయింది. ఎవరో నా చొక్కా పట్టి వెనక్కి లాగారు. బెస్తవాళ్లు పడవ తోసుకుని వెళ్లేసరికి నీళ్ల మీద ఏమీ లేదు.

నన్ను లాగినవాడు నడివయసు బెస్తవాడు. అతను నన్ను తిట్టలేదు. పక్కన కూర్చుని మరాఠీలోనే, నాకు అర్థమయ్యేలా మెల్లగా చెప్పాడు: "ఒడ్డుకు వచ్చిన నీళ్లన్నీ మళ్లీ లోపలికి పోయే దారి అది. నువ్వు నేరుగా రమ్మని పిలిచావు. అడ్డంగా, పక్కకు ఈదమనాల్సింది. అలలు విరిగేచోటికి చేరితే అలలే తెచ్చి ఒడ్డున పడేసేవి."

మర్నాడు పొద్దున వాళ్లే బావను తెచ్చి అప్పగించారు. దహనం అక్కడే చేశాను. తిరుగు ప్రయాణంలో బాసర వంతెన మీద అందరూ పైసలు విసిరారు. నేను కిటికీ మూసుకున్నాను.

దినాలన్నీ అయిపోయాక అక్క ఒకటే అడిగింది. "మూట తీస్కున్నదా తమ్మీ?"

"తీస్కున్నదక్కా."

"మర్లి రానియ్యకున్రని నేనే అంటి" అని గోడకు తల ఆనించుకుంది. అప్పటి నుంచి ఆమె తన మాటే మొగుణ్ని మింగిందని నమ్ముతోంది. కాదని, ఆ చోటు చూపింది నేనని, నేరుగా రమ్మని పిలిచిందీ నేనేనని ఇంతవరకు చెప్పలేకపోయాను. అక్కకు చదువు రాదు. మీ అందరికీ ముందు చెప్పి, ఆమెకు చెప్పకుండా మిగిలిపోయినవాణ్ని. బడిలో పిల్లలకు నదులు ఏ సముద్రంలో కలుస్తాయో ఇప్పటికీ నేనే చెబుతున్నాను. చెప్పిన ప్రతిసారీ ఎందుకూ పనికిరాని చదువనిపిస్తుంది.

మీరు వెళితే ఒక్క పని చేయండి. దిగే ముందు అక్కడి బెస్తవాళ్లను అడగండి, ఆడవాళ్లు చెప్పినా వినండి. అడగడానికి ఎవరూ లేకపోతే ఒక పువ్వు నీళ్లలో వేసి చూడండి. అది లోపలికి పోతుంటే ఆ చోట దిగకండి, నీళ్లు ఎంత నిమ్మళంగా ఉన్నా సరే. గంగమ్మ తీసుకుంటోందని సంతోషపడకండి. మేం పడ్డాం.