ఎండి తడిసిన తునికాకు

కామారెడ్డిలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. హిస్టెరిసిస్ పాఠం ఏటా వస్తుంది. ఇనుప కడ్డీకి తీగ చుట్టి కరెంటు పంపితే అది అయస్కాంతమవుతుంది. కరెంటు ఆపేసినా అయస్కాంతత్వం కొంత మిగిలే ఉంటుంది. కడ్డీ ఈ పూట ఎలా ఉందో తెలియాలంటే ఈ పూట కరెంటు చూస్తే చాలదు, అంతకుముందు దాని మీద ఏం జరిగిందో తెలియాలి. ఈ మాట ఎన్నో ఏళ్లు చెప్పాను. నాకు అర్థమైంది మాత్రం ఎల్లారెడ్డిలో, అక్క ఇంట్లో, ఆమె ముందు కూర్చున్నప్పుడు.

అక్క బీడీలు చుట్టేది. నన్ను చదివించింది ఆ చేతులే. నేను కామారెడ్డిలో ఇల్లు తీసుకున్నాక నెలకోసారి బస్సెక్కి వచ్చేది. రాగానే వంటింట్లోకి పోయి గిన్నెల మీది మూతలు తీసేది.

"ఏందే ఇది, కూరనా, కషాయమా? నీ మొగడు ఎట్ల తింటుండే?"

ఒకరోజు నాతో పనిచేసేవాళ్లను భోజనానికి పిలిచాను. వాళ్లు వచ్చే వేళకు అక్క చెప్పకుండా వచ్చింది. సోఫాలో కూర్చోబోతుంటే అన్నాను: "అక్కా, నీ దగ్గర బీడీల జర్దా వాసన వస్తుంది. జర లోపలి అర్రల కూసో."

అక్క నవ్వి లోపలికి వెళ్లింది. వాళ్లు వెళ్లిపోయేదాకా బయటికి రాలేదు.

అలాంటి మాట నేను మళ్లీ అనలేదు. ఎప్పటిలాగే ఫోన్ చేశాను, ఎప్పటిలాగే రమ్మన్నాను, ఆమెకిష్టమైన వంకాయ కూర వండాను. ఆ తర్వాత రెండుసార్లు వచ్చింది. తలస్నానం చేసి, పెట్టెలో చీర తీసి కట్టుకుని వచ్చింది. మూతలు ముట్టుకోలేదు. "కూర మంచిగున్నది" అంది. తర్వాత రావడం మానేసింది. అడిగితే పని ఎక్కువుందనేది. తప్పు మళ్లీ చేయడం లేదు కదా, రోజులు గడిస్తే సర్దుకుంటుందనుకున్నాను.

రెండేళ్లు గడిచాయి. సెలవుల్లో నేనే ఎల్లారెడ్డి వెళ్లాను. అక్క బీడీలు చుట్టే తునికాకు నానబెట్టి, తడిగుడ్డలో చుట్టి పెట్టింది. ఆమె నీళ్లకు పోయినప్పుడు, ఆకు కత్తిరించి సాయం చేద్దామని గుడ్డ విప్పాను. ఫోన్ వస్తే మాట్లాడుతూ మూయడం మరిచాను. పైన ఫ్యాన్ తిరుగుతోంది. చూసేసరికి ఆకు గలగలమంటోంది. గబగబా నీళ్లు చల్లాను. అక్క వచ్చి ఒక ఆకు వేలికి చుట్టింది. ఈనె దగ్గర పుటుక్కుమంది.

"తడిపిన గద అక్కా."

"తడిపితె? ఎండి తడిసిన ఆకు, తడి ఆరుతున్న ఆకు ఒక్కటి గాదు. చేతికి రెండూ గట్లనే తాకుతయి. చుట్టంగనే తెలుస్తది." తర్వాత నవ్వింది. "గిది తెల్వకుంట పోరగాండ్లకు ఏం జెప్తవే నువ్వు?"

నవ్వలేకపోయాను. కడ్డీలో మిగిలిన అయస్కాంతత్వం పోవాలంటే కరెంటు ఆపితే చాలదు, ఎదురు దిక్కుకు పంపాలి. అదీ పాఠంలో ఉన్నదే. నేను ఆపాను, అంతే. "తప్పయింది" అనే మాట నోటిదాకా వచ్చింది. అప్పుడే పక్కింటామె కత్తెర అడగడానికి వచ్చింది. ఆమె వెళ్లాకైనా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. సాయంత్రం బస్సుకు వచ్చేశాను.

మొన్న వానాకాలంలో అక్క గుండె ఆగి పోయింది.

పదకొండో నాడు, భోజనాలయ్యాక, బావ నా పక్కన కూర్చున్నాడు.

"నీ ఇంటికి రావాల్నని మీ అక్కకు మస్తుండె. బస్సు పడకపాయె. కామారెడ్డి దాకా పోతే కడుపుల తిప్పుతదనేది."

అక్కకు ఏ బస్సూ పడకపోవడం నేనెరగను. ఔనంటే ఆ మాట అక్కడితో అయిపోయేది.

"బస్సు గాదు బావా," అన్నాను. జరిగింది చెప్పాను. సోఫా, వాసన, లోపలి గది, ఏదీ తగ్గించలేదు.

"గీ ముచ్చట నాకు చెప్పలే," అన్నాడు బావ. "చెప్తె నేను నీ ముఖం జూడనని తెలుసు దానికి."

లేచి లోపలికి పోయాడు. నేను బయల్దేరుతూ వాకిట్లోంచి "పోయొస్త బావా" అన్నాను. బావ బయటికి రాలేదు. ఏనాడు వెళ్లినా నా సంచి పట్టుకుని బస్టాండుదాకా వచ్చే మనిషి.