ఇసొబెల్ గారి మెట్ల వంతు

యుద్ధాల తేదీలన్నీ రాసిపెట్టిన చరిత్రకారులు, గ్లాస్గోలో మునిసిపాలిటీ అద్దెకిచ్చే ఒక వాటాల భవనంలో మెట్లు కడిగే వంతు ఎలా చేతులు మారేదో రాయకపోవడం పెద్ద లోటు. వంతు వచ్చినవారి తలుపు పిడికి ఒక అట్ట వేలాడుతుంది; మెట్లు కడిగాక దాన్ని తర్వాతివారి పిడికి మార్చాలి. ఇసొబెల్ గెమ్మెల్ తన పిడికి అట్ట కనబడగానే బకెట్టు జోలికి పోకుండా, మేజోళ్ళతోనే చప్పుడు లేకుండా నడిచి, ఎదురింటి ట్వీడీ గారి పిడికి తగిలించి వచ్చేది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఇరవై ఏళ్ళుగా ఇదే నిష్ఠ. ఈలోగా తల్లి పోయింది. ఇంటి అద్దె ఒప్పందం తల్లి పేరున ఉంది; తనూ అక్కడే ఉంటున్నట్టు రుజువు చూపకపోతే ఖాళీ చేయాలి. బిల్లులన్నీ తల్లి పేరునే.

"ఆ ఇంట్లోనే పుట్టాను బాబూ," అంది గృహశాఖ గుమాస్తాతో.

"కాగితం కావాలమ్మా."

సాక్ష్యానికి తోడొచ్చిన ట్వీడీ గొంతు సవరించుకుంది. "నా ఫిర్యాదులు తీయించు నాయనా. ఈ మహాతల్లి మెట్లు కడగదని నెలనెలా రాస్తూనే ఉన్నాను, పేరూ ఇంటి నంబరూ తేదీతో సహా. ఈవిణ్ణి పంపేస్తే, కొత్తగా వచ్చేవాళ్ళ మీద మళ్ళీ మొదటి నుంచి రాసే ఓపిక నాకు లేదు."

ఫైలులో రెండు వందల పైచిలుకు ఉత్తరాలు దొరికాయి. ఇల్లు ఇసొబెల్ పేరుకు మారింది. ఏప్రిల్‌లో అందరితో పాటు ఆమెకూ అద్దె పెరిగింది.