ఖాళీ బండిని నమ్మని దేవదానం

తెనాలిలో మెకానిక్ దేవదానానికి లోకంలో అన్నిటి మీదా నమ్మకం ఉండేది, ఒక్క ఖాళీ బండి మీద తప్ప. ఏ బండి ఏ జబ్బుతో వచ్చినా, అందులో పట్టినంతమంది మనుషుల్ని ఎక్కించి రోడ్డు మీద తిప్పితేగాని పానా పట్టేవాడు కాదు. ఖాళీ బండి అబద్ధాలు చెబుతుందనీ, నిజం కక్కాలంటే దాని నడుం మీద బరువు పడాలనీ అతని సిద్ధాంతం.

స్కూటర్ వస్తే వెనక భార్య సారాని కూర్చోబెట్టి, ఆవిడ ఒళ్లో నిండు గ్యాసుబండ పెట్టి, చేబ్రోలు దాకా వెళ్లొచ్చేవాడు. ఒకసారి ఒక వకీలుగారి అంబాసిడర్ కోర్టు ముందు మొరాయిస్తే, అక్కడ వాయిదా కోసం కాచుకున్న వాదినీ ప్రతివాదినీ బంధుమిత్ర సమేతంగా ఎక్కించుకుపోయాడు. రెండు గంటలపాటు ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని తిరిగొచ్చాక వాళ్లు రాజీ పడిపోయారట. ఆ వకీలుగారు మళ్లీ దేవదానం షెడ్డు వైపు చూడలేదు.

పైగా మనుషుల్ని పేర్లతో కాక బరువులతో గుర్తుపెట్టుకునేవాడు. పెళ్లిపందిట్లో ఎదురుపడ్డ పెద్దమనిషిని కూడా "రండి రండి, ఎనభై మూడు. పోయినేడు డెబ్బై తొమ్మిదే కదండీ" అని పలకరించేవాడు. అనుమానమొచ్చి కాటా ఎక్కి చూసుకున్నవాళ్లకి అరకిలో కూడా తేడా కనిపించేది కాదు. కాస్త ఒళ్లున్న ఆడవాళ్లు అతను ఎదురొస్తున్నాడంటే సందు మారిపోయేవారు.

అలాంటి దేవదానం చేతిలో 1988లో పాండురంగారావు మేష్టారు పడ్డారు.

మేష్టారు ముప్పై రెండేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆ ముప్పై రెండేళ్లలోనూ పరీక్ష పేపర్లు దిద్దడానికి తప్ప ఊరు దాటి ఎరగరు. రిటైరైన మూడో నెలలో రేపల్లె వెళ్లి, అక్కడ వేలంలో ఒక వింత బండి కొనుక్కొచ్చారు. చమురు కోసం డెల్టా అంతా వెతికి, దొరక్క వెళ్లిపోయిన ఒక కంపెనీవాళ్లది అది. లోపల రెండు పడకలు, చిన్న గ్యాసుపొయ్యి, నీళ్ల ట్యాంకు ఉన్నాయి. నాలుగు చక్రాలూ కలిసి లాగుతాయి కాబట్టి ఇసుకలోనైనా బురదలోనైనా దిగబడదు. భార్య సరోజినిని అందులో సూర్యలంక తీసుకెళ్లి, సముద్రం ఒడ్డునే వండుకు తిని, అలల చప్పుడు వింటూ పడుకోవాలని మేష్టారి కోరిక.

కానీ బండి నలభై దాటిందంటే అడుగునుంచి ఒక అదురు పుట్టేది. అది ముందు అరికాళ్లకి తగిలి, మోకాళ్ల మీదుగా పళ్లకి ఎక్కేది. మొదటి ప్రయాణంలో చేబ్రోలు చేరేసరికి ఫ్లాస్కులో కాఫీ సరోజిని చీర మీదికీ, మేష్టారి కళ్లజోడు గేరు రాడ్డు కిందికీ చేరాయి. ఆవిడ అక్కడే దిగి, అదురు తగ్గేదాకా ఆ బండి ఎక్కనని చెప్పి బస్సులో ఇంటికి వచ్చేసింది. ఇద్దరు మెకానిక్కులు టైర్లు మార్చారు, ఇంజను కింద రబ్బర్లు మార్చారు. అదురు మాత్రం మారలేదు. తుక్కు కింద అమ్మేయమని వీధివీధంతా సలహా ఇచ్చింది. ఇన్నేళ్లలో ఏ లెక్కనీ మధ్యలో వదల్లేదని, దీన్నీ వదలనని మేష్టారు వీధివీధికీ జవాబు చెప్పి, బండిని దేవదానం షెడ్డుకి తోలుకెళ్లారు.

దేవదానం బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఖాళీగా ఉందండి అన్నాడు. తను ఉన్నానుగా అన్నారు మేష్టారు.

"మీరు అరవై ఒకటండి. ఇంత బండికి మీరు లెక్కలోకి రారు" అన్నాడు దేవదానం.

జీవితమంతా లెక్కలతో బతికిన మనిషికి ఆ మాట చాలాకాలం గుచ్చుకుంది.

ఆరోజు టీకొట్టు దగ్గర దొరికిన ఆరుగురిని ఎక్కించుకుని బయల్దేరారు. బండి యాభై అందుకున్నాక దేవదానం దాన్ని న్యూట్రల్‌లో వేసి ఇంజను ఆపేశాడు. అదురు ఆగలేదు. అంటే ఇంజను తప్పు లేదు. షెడ్డుకి వచ్చి, ముందు చక్రాల్ని తిప్పే షాఫ్ట్ విప్పి పక్కన పడేసి మళ్లీ తిప్పాడు. అప్పుడూ అదిరింది. అంటే జబ్బు వెనక షాఫ్ట్ వైపు ఉంది. ఒక్కరోజులో అక్కడిదాకా తేల్చి, ఇక మిగతాది ఆరువందల కిలోల లోడు పెడితేగాని తేలదన్నాడు. అంత లోడు ఎక్కడ దొరుకుతుందో కూడా తనకే తెలుసన్నాడు.

ఆ శనివారం ఇద్దరూ బాపట్ల మీదుగా సూర్యలంక వెళ్లారు. దారిపొడవునా మేష్టారి పళ్లు టకటకలాడాయి. అక్కడి జాలరిపల్లె దగ్గర వరమ్మ అనే ఆవిడా, ఇంకో ఎనిమిదిమంది ఆడవాళ్లూ ఎండుచేపల గంపలతో నిలబడి ఉన్నారు. వాసనకి జడిసి బస్సువాళ్లు ఆ గంపల్ని ఎక్కనివ్వరు. తలమీద పెట్టుకుని నడిస్తే బాపట్ల దాకా వెళ్లగలరు, తెనాలి మార్కెట్టుకి రాలేరు. అందుకని ఒడ్డుకి వచ్చే వ్యాపారి ఎంతంటే అంతకి ఇచ్చేసేవారు.

మేష్టారు పుట్టి బుద్ధెరిగి కోడిగుడ్డు కూడా ముట్టని మనిషి. ఇసుకమూటలు పెట్టుకుంటే సరిపోదా అని దేవదానాన్ని మెల్లిగా అడిగారు. ఇసుకమూట నోరు విప్పదనీ, మనిషైతే అదురు ఎక్కడ తగిలిందో చెబుతాడనీ అతను చాలా ఓపిగ్గా వివరించాడు.

ఈలోగా వరమ్మ ఎక్కి, సరోజిని కోసం కొత్తగా కుట్టించిన పరుపు మీద గంపతో సహా కూర్చుంది.

"మేం ఎక్కకపోతే మీ బండి బాగవదంటగా మేష్టారూ. పని మానుకుని వచ్చాం. తొందరగా కానీయండి" అంది.

మేష్టారు తనకు తెలియకుండానే ఆవిడకి క్షమాపణ చెప్పుకున్నారు.

విచిత్రంగా, తిరుగుదారిలో బండి అదరలేదు. అరవైలో కూడా ఉయ్యాలలా వచ్చింది. అదురు ఏదని మేష్టారు అడిగితే, దాక్కుందనీ, వచ్చే శనివారం పట్టుకుందామనీ చెప్పాడు దేవదానం. వచ్చే శనివారమూ అంతే. ఆ తర్వాతి శనివారమూ అంతే. ఆడవాళ్లు తెనాలిలో సరుకు అమ్ముకుని, ఖాళీ గంపలతో బస్సెక్కి వెళ్లిపోయేవారు. సరోజిని బండిలో సాంబ్రాణి వేసింది, కర్పూరం వెలిగించింది, నిమ్మచెక్కలతో తోమింది. అయినా వీధిలో పిల్లులన్నీ ఆ బండి కిందే కాపురం పెట్టాయి. ఒకటి ముందు సీట్లో ఈనింది కూడా.

అయిదో శనివారానికి మేష్టారే లెక్క తేల్చారు. వెళ్లేటప్పుడు ఖాళీ, అదురుతుంది. వచ్చేటప్పుడు లోడు, అదరదు. చమురు కంపెనీవాళ్లు బండిలో బరువైన యంత్రమేదో పెట్టుకుని, దాని కోసం బరువు మోసే వెనక కమాను కట్టలకి అదనంగా పట్టీలు వేయించారు. వేలానికి ముందు యంత్రం తీసుకున్నారు గాని పట్టీలు తీయలేదు. దాంతో బండి వెనకభాగం పైకి లేచి, షాఫ్ట్ మరీ ఏటవాలుగా వాలి, దాని కీళ్లు సమంగా తిరగలేక అదురుతున్నాయి. రెండువైపులా కమానుకీ ఇరుసుకీ మధ్య ఒక్కో ఇనుపచీలిక పెట్టి, ఇరుసును మూడు డిగ్రీలు వంచితే చాలు. ఇదంతా గ్రాఫు కాగితం మీద గీసుకుని, చిన్నపిల్లాడిలా షెడ్డుకి పరుగెత్తారు.

దేవదానం కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, భలే కట్టారండి అని మెచ్చుకున్నాడు. కొలత చూపిద్దామని మేష్టారు స్కేలు కోసం బల్లసొరుగు లాగారు. అందులో దినపత్రిక ముక్కలో చుట్టిన పొట్లం ఒకటి ఉంది. విప్పితే, నున్నగా ఆకురాయి పట్టిన రెండు ఇనుపచీలికలు. సరిగ్గా మూడు డిగ్రీలు. అప్పటికే తుప్పు పట్టడం మొదలైంది. పత్రిక మీద తేదీ చూశారు. రెండో శనివారం తర్వాత వచ్చిన సోమవారం.

మేష్టారికి ఒళ్లు మండిపోయింది. నెల్లాళ్లుగా తనని వెర్రివాణ్ణి చేసి ఆడించాడని గట్టిగానే అన్నారు. దేవదానం తల దించలేదు.

"ఎండుచేపలు వేసుకుంటాను, బండి ఇమ్మని మొదటిరోజే అడిగితే ఇచ్చేవారా మాస్టారూ?"

మేష్టారు ఆలోచించారు. అబద్ధమాడటం చేతకాని మనిషి.

"ఇచ్చేవాణ్ణి కాదు."

"ఇచ్చినా వాళ్లు ఎక్కేవారు కాదండి. జాలిపడి ఎక్కిస్తే వరమ్మ గంప నెత్తినెట్టుకుని నడిచే పోద్ది. టెస్టుకి రమ్మన్నాననుకోండి, వాళ్లే మనకి సాయం చేస్తున్నట్టు. తలెత్తుకుని ఎక్కుతారు. నేను చేసింది తప్పయితే తప్పేనండి. మళ్లీ చేస్తాను."

మేష్టారు చీలికలు బిగించేదాకా నిలబడి, బండి తోలుకుని వెళ్లిపోయారు. ఆ షెడ్డు మొహం మళ్లీ చూడనని ఇంటికొచ్చి సరోజినితో చెప్పారు. ఎందుకో కూడా పూసగుచ్చినట్టు చెప్పారు. 

మరుసటి శనివారం ఇద్దరూ బయల్దేరారు. బండి ఖాళీగానే ఉంది, అయినా వెన్నలా సాగింది. బాపట్ల దాటేదాకా సరోజిని చేతిలో గ్లాసు తొణకలేదు. సూర్యలంక రోడ్డులో ఎదురుగా వరమ్మ, వెనక మిగతా ఆడవాళ్లు, నెత్తిన గంపలతో నడిచి వస్తున్నారు. మేష్టారు బండి ఆపారు.

"జబ్బు నయమైందా మేష్టారూ?"

"నయమైందమ్మా."

"పోనీలెండి, మా కష్టం ఊరికే పోలేదు" అని వరమ్మ గంప సర్దుకుని ముందుకి నడిచింది. ఎక్కించుకోమని మాటవరసకి కూడా అడగలేదు.

బండి కదిలింది. సరోజిని పక్క అద్దంలో చాలాసేపు వెనక్కి చూస్తూ కూర్చుంది.

"ఏవండీ, నాకు కాళ్ల కింద అదురుతోంది" అంది.

"ఏం లేదే."

"మీకు తెలియడంలేదు. బాగా అదురుతోంది. వెనక్కి తిప్పండి."

మేష్టారు భార్య మొహం చూశారు. ముప్పై రెండేళ్లు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషికి ఆ లెక్క అర్థం కావడానికి పావునిమిషం పట్టింది. సముద్రం కనిపించే దూరంలో బండి తిప్పేశారు. సరోజిని దిగి, జబ్బు తిరగబెట్టిందనీ, మళ్లీ టెస్టు చేయాలనీ, ఏమీ అనుకోకుండా కాస్త సాయం పట్టమనీ వరమ్మని బతిమాలింది. వరమ్మ కాసేపు బెట్టుచేసి, సరేనని ఎక్కింది.

బండి సరాసరి దేవదానం షెడ్డు ముందు ఆగింది. అదురు మళ్లీ వచ్చిందని సరోజినే చెప్పింది. దేవదానం ఆవిడ మొహం చూశాడు, కిటికీల్లోంచి తొంగి చూస్తున్న తొమ్మిది మొహాలూ చూశాడు. బండి కింద దూరి, షాఫ్ట్‌కి చెవి ఆనించి, రెండు నిమిషాలు కళ్లు మూసుకుని విన్నాడు. బండి ఆగే ఉందని ఎవరూ గుర్తుచేయలేదు.

"ఉందండమ్మా. లోపలెక్కడో ఉంది" అన్నాడు లేచి, చేతులు తుడుచుకుంటూ. "ప్రతి శనివారం చూస్తూ ఉండాల్సిందే."

ఆ అదురు ఎనిమిదేళ్లపాటు, 1996 దాకా తగ్గలేదు.